సెబూకు రెండేళ్ళ మిషన్: పెట్టెల తొక్కు ఎంత, రోజు ఎట్ల గడుస్తది?

మిర్యాలగూడ_అక్క
మా తమ్మునికి మిషన్ పిలుపు వచ్చింది, సంఘం తరఫున మత ప్రచార సేవకు. ఫిలిప్పీన్స్ సెబూ మిషన్, భాష సెబువానో, 24 నెలలు. ఇంటర్ అయిపోయింది, 19 నడుస్తున్నయి. పిలుపు పత్రంతోటి వచ్చిన జాబితాల అంగీలు ఎన్ని, టైలు ఎన్ని అని ఉంది. పొద్దున లేస్తే రాత్రి దాక ఏం చేస్తరు, ఏం తింటరు, బట్టలు ఎవరు ఉతుకుతరు, జరం వస్తే ఎవరు చూస్తరు, ఒక్క ముక్క లేదు. సంఘంల అడిగితే ప్రభువు చూసుకుంటడు అంటున్నరు. చూసుకుంటడు గానీ పెట్టె సర్దేది నేను. అమ్మ ఇప్పటికే ఆరు కిలోల తొక్కులు కట్టి పెట్టింది. తెలిసినోళ్ళు జర చెప్పుండ్రి.

జడ్చర్ల_జంక్షన్
ఏ సంఘం? మెన్నొనైటా, బాప్టిస్టా, కేథలిక్కా? ఒక్కొక్కరి లెక్క ఒక్కో తీరు ఉంటది.

మిర్యాలగూడ_అక్క
యేసు క్రీస్తు కడవరి-దిన పరిశుద్ధుల సంఘం. హైదరాబాద్ స్టేక్ (కొన్ని స్థానిక సంఘాల గుంపు) కింద.

సాగర్_కట్ట
అట్లయితే రోజు లెక్క దాదాపు అన్ని దేశాల్లో ఒక్కటే. 6:30 కి లేవాలి. ప్రార్థన, అరగంట వ్యాయామం, స్నానం, టిఫిను. 8 అయ్యేసరికి పుస్తకాల ముందు కూర్చోవాలి: ఒక్కడే చదివేది కొంత, జోడీతో (ఎప్పుడూ వెంట ఉండే తోటి మిషనరీ) కలిసి చదివేది కొంత, భాషకు కొంత. ఆ తర్వాత బయటికి. రాత్రి 9 కల్లా ఇంట్లో ఉండాలి, ఎవరికైనా పాఠం చెబుతుంటే 9:30 దాకా పర్వాలేదు. రేపటి ప్లాన్, డైరీ, 10:30 కి లైటు బంద్. మిషన్ ప్రెసిడెంట్ అక్కడి అలవాటును బట్టి అరగంట అటు ఇటు జరుపుతారు.

కాగితం మీద పొద్దంతా పని ఉన్నట్టు కనిపిస్తుంది గానీ సెబూ ఎండలో 12 నుంచి 3 దాకా ఎవరూ తలుపు తీయరు. అసలు పని సాయంత్రం 5 నుంచి 8:30 మధ్య, జనం పనుల నుంచి ఇంటికి వచ్చాక. మధ్యాహ్నం పూట సేవాపనులు, సంఘస్తుల ఇళ్ళు, ఫోన్ మీద చేసే పని పెట్టుకోవాలి. ఇది తెలియని కొత్త పిల్లలు రెండింటి ఎండలో తలుపులు కొట్టి వారంలో వడదెబ్బతో పడుకుంటారు.

పాలమూరు_పిలగాడు
6:30 కి లేసుడు చెప్పినవ్ గానీ అసలు కష్టం చెప్పలే. ఆ సంఘంల చాయ్ బంద్. కాఫీ బంద్. మనోనికి పొద్దున చాయ్ లేకుంటే కండ్లు తెరుచుకుంటయా?

సాగర్_కట్ట
వాళ్ళకు ఇంట్లోనే అలవాటు ఉండదు కదా. అక్కడ ఎవరింటికి పోయినా కాఫీ పెడతారు. "వద్దండి, మైలో ఉంటే ఇవ్వండి" అంటే చాలు, మైలో (పాలల్లో కలుపుకునే చాక్లెట్ పొడి) ప్రతి కొట్లో దొరుకుతుంది.

దేవరకొండ_డీటీపీ
మరి కల్లు?

పాలమూరు_పిలగాడు
నల్లగొండోళ్ళకు ఇదొక్కటే యాదికుంటది. అక్కడ కూడ కొబ్బరి చెట్టు కల్లు ఉంటది, టుబా అంటరు. అదీ బంద్.

హాలియా_హోమియో
తొక్కుల సంగతికి వద్దాం, ఆరు కిలోలు అన్నారు కాబట్టి.

హైదరాబాద్ నుంచి పోయేవాళ్ళు ఎక్కువగా సింగపూర్, బ్యాంకాక్, కౌలాలంపూర్ లాంటి చోట్ల మారి పోతారు. టికెట్ మీద లగేజీ 20 నుంచి 30 కిలోలు, అది రాసి ఉన్నది చూసుకోవాలి. రెండేళ్ళ బట్టలు, రెండు జతల బూట్లు, పుస్తకాలు పెడితేనే 18 దాటుతుంది. తొక్కుకు మిగిలేది కిలోన్నర, మహా అంటే రెండు.

ఆపే సరుకులు ఇవి. మాంసం తొక్కు, చికెన్ తొక్కు వద్దు, అక్కడి క్వారంటైన్ వాళ్ళు పారేస్తారు. విత్తనాలు వద్దు, "పుంటికూర గింజలు చల్లుకుంటడు" అనే ఆలోచన మానుకోండి. ఎండుకొబ్బరి చిప్పలు విమాన సరుకుల లెక్కలో తనంతట తాను అంటుకునే జాతి, పెట్టె విప్పించి తీయిస్తారు. అందరూ మరిచిపోయేది గసగసాలు. సింగపూర్, దుబాయ్ రెండు చోట్లా అవి మత్తు సరుకు కిందకు వస్తాయి. ఇంట్లో కొట్టిన మసాలాపొడిలో గసాలు పడ్డాయేమో అమ్మగారిని అడగండి. పడితే ఆ పొడి ఇంట్లోనే ఉంచండి.

మిర్యాలగూడ_అక్క
పడ్డయి. మటన్ మసాలాల వేసింది. మంచిదైంది అడిగిన.

హాలియా_హోమియో
పెట్టదగ్గవి: మామిడికాయ తొక్కు, పండుమిర్చి తొక్కు, నువ్వుల పొడి, పల్లీల కారప్పొడి. గాజు సీసా వద్దు. గట్టి ప్లాస్టిక్ డబ్బాలో మూడొంతులే నింపాలి, పైన నూనె తేలకుండా వంపేయాలి. మూత కింద ఒక ప్లాస్టిక్ కాగితం, మూత చుట్టూ టేపు, ఆ డబ్బా ఒక జిప్ కవర్లో, ఆ కవర్ ఇంకో కవర్లో, మొత్తం పాత తువ్వాలలో చుట్టి పెట్టె నడుమ పెట్టాలి. నిండా నింపితే పైన గాలి ఒత్తిడి తగ్గినప్పుడు నూనె మూత సందులోంచి ఎక్కి వస్తుంది, తెల్ల అంగీలు పది పోతాయి. చేతి సంచిలో అసలే వద్దు, తొక్కు కూడా 100 మిల్లీలీటర్ల లెక్కలోకే వస్తుంది.

సూర్యాపేట_సూట్‌కేస్
హాలియా అన్న చెప్పిందంతా కరెక్టే గానీ, నేనైతే తొక్కు అర కిలో చాలంట. మిగతా బరువు పొడులకే. ఎందుకంటే తొక్కు తినాలంటే అన్నం, నెయ్యి, తీరిక మూడు ఉండాలి. పొడి అయితే వాళ్ళ కూర మీద చల్లుకోవచ్చు.

హాలియా_హోమియో
అర కిలో తొక్కు అంటే మూడు నెలలు రాదు.

సూర్యాపేట_సూట్‌కేస్
రావద్దనే చెప్తున్న. మూడు నెలల్ల అక్కడి తిండికి నాలుక మళ్ళాలి. తొక్కు డబ్బా ఉన్నన్ని దినాలు మళ్ళదు.

గట్క_గిన్నె
సెబూలో మన పాలమూరోడు ఆకలితో ఉండడు. తెల్ల మక్కలను రవ్వలెక్క పట్టి అన్నంలాగ వండుకుంటరు, దాన్ని మైస్ అంటరు. అంటే మన మక్క గట్కకు చుట్టం. అంబలి అనుకొని మజ్జిగ పోసుకుంటే మాత్రం పక్కోళ్ళు వింతగ చూస్తరు.

బజారుల దొరికేటివి చెప్త, అక్కా, రాసుకో. మునగాకు: కముంగ్గాయ్ అంటరు, పులుసుల వేస్తరు, ఇంటింటికి చెట్టుంటది, కాయను ఎక్కువ పట్టించుకోరు. తూటికూర: కాంగ్‌కోంగ్. కాకర, వంకాయ, బెండ, పొడుగు అలసంద కాయ, సొరకాయ, గుమ్మడి అన్నీ ఉన్నయి. పెసర్లను ముంగ్గోస్ అంటరు. చింతపండు సంబాగ్. ఎండు చేపలు బులాద్. ఇన్ని ఉన్నంక పచ్చిపులుసు చేసుకొనీకి ఏం తక్కువ? ఉల్లిగడ్డ ఉంది, చింతపండు ఉంది, మిర్చి ఉంది. జీలకర్ర, ఆవాలు, ఇంగువ, కందిపప్పు మాత్రం ఊరి బజార్ల దొరకయి. అందుకే తొక్కుకు బదులు 200 గ్రాముల జీలకర్ర, 200 ఆవాలు వేయించి పొడి కొట్టి పెట్టుండ్రి. పొడి అయితే విత్తనం అని ఎవ్వడూ అడగడు.

సాగర్_కట్ట
గట్క_గిన్నె చెప్పిన చివరి మాట బంగారం. పసుపు, ధనియాల పొడి, కారం కూడా తలా పావు కిలో. అక్కడి మిర్చి చిన్నది, ఘాటు ఎక్కువే గానీ ఎర్ర కారం రంగూ రుచీ రావు.

వండుకునేది ఇద్దరు, కొన్ని ఇళ్ళలో నలుగురు. ఒకే గ్యాస్ పొయ్యి, ఒక రైస్ కుక్కర్. ఇంటి కిరాయి మిషన్ కడుతుంది. తిండికి, ప్రయాణాలకు నెలనెలా కొంత డబ్బు కార్డులో వేస్తారు. నెల మొదటి వారంలో బియ్యం, గుడ్లు, పెసర్లు, నూనె ఒకేసారి కొనుక్కునే వాడు గట్టెక్కుతాడు. రోజూ సారీసారీ కొట్టుకు పోయేవాడు మూడో వారానికి నూడుల్స్ మీద పడతాడు. సారీసారీ అంటే మన కిరాణా డబ్బా కొట్టు: నూనె, షాంపూ, వెనిగర్ అన్నీ చిన్న పొట్లాల్లో అమ్ముతారు, పొట్లం చవకే గానీ లెక్కేస్తే కిలో ధర ఎక్కువ.

దేవరకొండ_డీటీపీ
ఎవరింట్లోనన్న నల్ల (రక్తం కూర) పెడితే?

గట్క_గిన్నె
పెడతరు. దినుగువాన్ అంటరు, పంది రక్తం, వెనిగర్ వేసి వండుతరు. నల్ల తినేటోనికి అది కొత్తేం గాదు, పులుపు ఒక్కటే తేడా. తిననోడు రెండు ముద్దలు మైస్‌ల కలుపుకొని మింగి, ప్లేటుల కూర కనబడకుంట ఉంచుకోవాలె. ప్లేటు ఖాళీ చేస్తే మల్ల వేస్తరు, మన అమ్మమ్మల లెక్కనే. "బుసోగ్ న కో" అంటే కడుపు నిండింది అని. నవ్వుతూ పొట్ట మీద చెయ్యి పెట్టి చెప్తే ఊకుంటరు. ముట్టకుంట పక్కకు నెట్టుడు మాత్రం తప్పు.

జానంపేట_టీచర్
భాష గురించి ఎవరూ రాయలేదు. నెట్‌లో దొరికేవన్నీ టగలోగ్ (మనీలా వైపు భాష) పాఠాలు. బాబు ఇప్పటి నుంచే అవి మొదలుపెడితే మంచిది కదా?

కోదాడ_కీబోర్డు
వద్దు టీచర్ గారూ. పిలుపులో సెబువానో అని ఉంటే సెబువానోనే. రెండూ అక్కచెల్లెళ్ళ భాషలు, తెలుగు-కన్నడ అనుకోండి, ఒకటి వస్తే ఇంకొకటి అర్థమైనట్టే ఉండి కొంప ముంచుతుంది. టగలోగ్‌లో పెద్దవాళ్ళతో ప్రతి మాటకూ "పో" తగిలిస్తారు, మన "అండీ" లాగా. సెబువానోలో అది లేదు. గౌరవమంతా గొంతులో, వరుసలో ఉంటుంది: నోంగ్, నాంగ్ అంటే అన్న, అక్క వరుస, వయసులో పెద్దవాళ్ళకు. సెబూలో ప్రతి మాటకూ "పో" అంటుంటే మనీలా నుంచి దిగిన పిల్లాడు అనుకుంటారు. తప్పేం కాదు, కానీ దగ్గరితనం రాదు.

ముందుగా నోటికి రావలసినవి తక్కువే. మాయోంగ్ బుంతాగ్ అంటే శుభోదయం, మాయోంగ్ హాపోన్ మధ్యాహ్నం దాటాక, మాయోంగ్ గబీయి రాత్రికి. గేటు దగ్గర తలుపు కొట్టరు, "ఆయో" అని పిలుస్తారు. మన ఊళ్ళల్లో "ఎవరున్నరమ్మా ఇంట్ల" అన్నట్టు. జీప్నీ (అక్కడి షేర్ బండి) ఆపాలంటే "లుగార్ లంగ్". అదే టగలోగ్ వాళ్ళు "పారా" అంటారు.

తెలుగువాళ్ళకు ఒక పెద్ద లాభం ఉంది, దీన్ని బాబుకు గట్టిగా చెప్పండి. మనకు "మనం" వేరు, "మేము" వేరు. ఇంగ్లీషుకు రెండూ ఒక్కటే. సెబువానోలో కితా అంటే మనం, కామి అంటే మేము. అమెరికా పిల్లలు నెలల తరబడి ఇక్కడే తప్పుతారు. ప్రార్థనలో దేవునితో "కితా" అంటారు, అంటే దేవుడు కూడా తనతో పాటు పాపం చేసి క్షమాపణ అడుగుతున్నట్టు. మన పిల్లవాడు "తండ్రీ, మేము" అని తెలుగులో అనుకుంటే చాలు, కామి దానంతట అదే వస్తుంది.

పాలమూరు_పిలగాడు
దేవునితోటి క్షమాపణ చెప్పిచ్చిన అమెరికోళ్ళు 😂

జానంపేట_టీచర్
నా మాట వెనక్కు తీసుకుంటున్నాను. మనం, మేము సంగతి చాలా బాగుంది. ఇక్కడొక చిన్న చరిత్ర ముక్క. 1889 లో రష్యా నుంచి మెన్నొనైట్ బ్రదరెన్ దంపతులు ఫ్రీజెన్‌లు మన దేశం వచ్చి, 1890 లో నల్లగొండలో మిషన్ మొదలుపెట్టారు. వాళ్ళూ ఈ మనం, మేము దగ్గరే తంటాలు పడి ఉంటారు. ఇప్పుడు ఇటు నుంచి అటు.

యాదగిరి_2
అసలు మన పిల్లలను పంపి వేరే దేశపోళ్ళ మతం మార్చుడు ఏంది? అక్కడ ఇప్పటికే కేథలిక్కులు కదా...

నిర్వాహకుడు
యాదగిరి_2 గారి పోస్టులో మిగతా భాగం తీసేశాను. ఎవరి సంఘం మంచిది, మతం మారాలా వద్దా అనే చర్చకు వేరే విభాగం ఉంది. ఇక్కడ సామాను, తిండి, కాగితాలు మాత్రమే.

జడ్చర్ల_జంక్షన్
కాగితాలు అన్నరు గదా. పాస్‌పోర్టుల పేరు ఎట్ల ఉందో ముందుగాల చూడుండ్రి. ఇంటిపేరు గడి ఖాళీగ ఉండి పేరంతా ఒక్కతాననే ఉంటే టికెట్ కాడ, వీసా కాడ పేచీ. 2022 నుంచి యూఏఈ అయితే ఒక్క పేరు పాస్‌పోర్టు మీద విజిట్ వీసా ఇస్తలేదు. వీసాకు పెట్టక ముందే రీ-ఇష్యూకు పెట్టి ఇంటిపేరు, పేరు విడగొట్టిచ్చుకోవాలె. ఆధార్ మీద, టెన్త్ మెమో మీద ఉన్న అక్షరాలే పాస్‌పోర్టు మీద ఉండాలె. మహబూబ్‌నగర్ పోస్టాఫీసుల కేంద్రం ఉంది, హైదరాబాద్ దాక పోనవసరం లేదు.

ఇంకోటి. మిషన్ల పేరు పెట్టి పిలవరు, ఎల్డర్ అని ఇంటిపేరు తగిలిస్తరు. నల్ల నేమ్‌ట్యాగ్ మీద అదే ఉంటది.

దేవరకొండ_డీటీపీ
అంటే ఇంటిపేరు మేకల అయితే ఎల్డర్ మేకల. గొర్రెల అయితే ఎల్డర్ గొర్రెల. మంచి కాపరి కథ చెప్పే పని కూడ తప్పుతది.

మిర్యాలగూడ_అక్క
మాది గుర్రం 🙄

పాలమూరు_పిలగాడు
ఎల్డర్ గుర్రం, జీప్నీ కూడ అవసరం లేదు.

కోదాడ_కీబోర్డు
నవ్వులు సరే గానీ, ఫోను నంబరు సంగతి చూడండి. తమ్ముడి ఆధార్, బ్యాంకు, డిజిలాకర్ అన్నీ ఒక నంబరుకు కట్టి ఉంటాయి. ప్రీపెయిడ్ సిమ్ 90 రోజులు వాడకుండా, బ్యాలెన్స్ లేకుండా పడి ఉంటే కంపెనీ తీసేసి వేరేవాళ్ళకు ఇచ్చేస్తుంది. రెండేళ్ళ తర్వాత వచ్చి ఓటీపీ రాక ఏడవాలి. ఆ సిమ్ ఇంట్లో పాత బటన్ ఫోనులో పెట్టి, రీచార్జ్ తేదీ క్యాలెండర్ మీద రాసుకోండి, వారానికోసారి ఒక కాల్ చేయండి. తమ్ముడికి మిషన్ వాళ్ళ లెక్కలో నడిచే ఫోను ఉంటుంది, అందులో ఆటలు, సినిమాలు ఉండవు.

చదువు మధ్యలో ఆగుతుంది కాబట్టి ఇంటర్ మెమో, టీసీ, బోనఫైడ్ ఒరిజినల్స్ స్కాన్ చేసి పెట్టండి. తిరిగొచ్చాక డిగ్రీలో చేరేటప్పుడు గ్యాప్ సర్టిఫికెట్ అడుగుతారు, నోటరీ చేయించిన అఫిడవిట్‌తో అయిపోతుంది.

వనపర్తి_వాన
మా చెల్లి కూడ పోదామనుకుంటున్నది. ఆడపిల్లలకు కూడ రెండేళ్ళేనా?

సాగర్_కట్ట
ఆడపిల్లలకు 18 నెలలు. ఎల్డర్‌కు బదులు సిస్టర్ అంటారు. 2018 డిసెంబర్ నుంచి లంగాలతో పాటు ప్యాంట్లు కూడా వేసుకోనిస్తున్నారు. దోమలు, వరద నీళ్ళు ఉన్న చోట అది చాలా మేలు.

హాలియా_హోమియో
బట్టల గురించి అక్క మొదట్లోనే అడిగారు, ఎవరూ చెప్పలేదు. ఎవరూ ఉతకరు, తనే ఉతుక్కోవాలి. బకెట్, తాబో అనే పిడి ఉన్న మగ్గు, సబ్బు బిళ్ళ, బ్రష్. తాబోతోనే స్నానం, దానితోనే కడుక్కోవడం, కాబట్టి మనకు కొత్త లేదు.

తెల్ల అంగీ కాలరు చెమటకు పసుపు అవుతుంది. విప్పిన వెంటనే కాలరు, చంకలు తడిపి సబ్బు రుద్ది పది నిమిషాలు ఉంచి ఉతకాలి. పొడుగు చేతులవి రెండే చాలు, పొట్టి చేతులవి ఏడెనిమిది. నూరు శాతం కాటన్ వద్దు, వానాకాలంలో రెండు రోజులకు గానీ ఆరవు, ముడతలు పోవు. కాటన్-పాలిస్టర్ కలిసినవి తీసుకోండి, లోపల మాత్రం కాటన్ బనీన్లు. ఇస్త్రీపెట్టె ఇక్కడి నుంచి తీసుకుపోవద్దు. అక్కడ కరెంటు 220 వోల్టులే గానీ ప్లగ్గుకు రెండు చదును పిన్నులు ఉంటాయి, మన గుండ్రటి మూడు పిన్నులు దూరవు. 100 రూపాయల అడాప్టర్లు రెండు పెట్టండి, ఛార్జర్లకు చాలు.

సూర్యాపేట_సూట్‌కేస్
బూట్లే అసలు ఖర్చు. రోజుకు ఏడెనిమిది కిలోమీటర్ల నడక, సగం దినాలు బురద. మెరిసే ఆఫీసు బూట్లు నాలుగు నెలలకు నోరు తెరుస్తయి. కుట్టు వేసిన రబ్బరు సోలు ఉన్న నల్లవి రెండు జతలు, ఒక దినం ఒకటి, మరుదినం ఇంకోటి. ఒకే జత రోజూ వేస్తే లోపలి తడి ఆరక బూజు పట్టి, వేళ్ళ నడుమ ఒరుస్తది. తడిసిన బూటు ఎండల పెట్టద్దు, తోలు పగులుతది. లోపల కాగితాలు కుక్కి ఫ్యాన్ కింద పెట్టాలె. మేజోళ్ళు పది జతలు, ఫంగస్ పౌడరు రెండు డబ్బాలు. కొనేటప్పుడు సాయంత్రం పూట కొనుండ్రి, అప్పుడు కాలు ఉబ్బి ఉంటది.

మిర్యాలగూడ_అక్క
మంచి ఉన్నయి. జరం వస్తే?

నార్కట్‌పల్లి_నర్స్
పోయే ముందు: టెటనస్, హెపటైటిస్ ఎ, బి, టైఫాయిడ్, జపనీస్ ఎన్సెఫలైటిస్ గురించి డాక్టర్‌ను అడగండి, కొన్నిటికి రెండు డోసుల మధ్య వారాలు పడతాయి, నెల ముందు గుర్తు చేసుకుంటే అందదు. దంతాలు చూపించి పుచ్చు పళ్ళు నింపించండి. అద్దాలు ఉంటే రెండో జత, చీటీ.

అక్కడ: జ్వరం రెండో రోజు తగ్గకపోతే డెంగీ అనుకొని రక్త పరీక్ష చేయించాలి. పారాసిటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ తన ఇష్టం వచ్చినట్టు వేసుకోవద్దు, రక్తస్రావం అయ్యే ముప్పు. వరద నీళ్ళలో నడిచిన తర్వాత జ్వరం, పిక్కల నొప్పి, కళ్ళు ఎర్రబడటం ఉంటే ఎలుకల మూత్రం నుంచి వచ్చే లెప్టోస్పైరోసిస్ కావచ్చు. "నీళ్ళలో దిగాను" అని డాక్టర్‌కు చెప్పాలి, చెప్పకపోతే మామూలు జ్వరం అనుకుంటారు. కాలికి చిన్న పుండు ఉన్నా ఆ రోజు నీళ్ళలో దిగొద్దు. కుక్క కరిస్తే సబ్బుతో 15 నిమిషాలు పారే నీళ్ళ కింద కడిగి, అదే రోజు వ్యాక్సిన్ కేంద్రానికి. వీధి కుక్కలు మన దగ్గరలాగే ఎక్కువ.

తాగే నీళ్ళు నల్లా నుంచి వద్దు. ప్రతి వీధిలో నీళ్ళు నింపే దుకాణం ఉంటుంది, ఐదు గ్యాలన్ల క్యాన్ తెచ్చి పెడతారు.

జబ్బును దాచిపెట్టే పిల్లలే ఎక్కువ ఇబ్బంది పడతారు. ముందు జోడీకి, వెంటనే మిషన్ ఆఫీసుకు ఫోన్ చేయాలి. అక్కడ వైద్యం సంగతులు చూసేవాళ్ళు ఉంటారు.

గట్క_గిన్నె
మా పెదనాన్న బిడ్డ కేథలిక్ సిస్టర్, టాంజానియా పోతున్నది. ఇదే లెక్కనా?

నార్కట్‌పల్లి_నర్స్
కాదు. అక్కడికి ఎల్లో ఫీవర్ టీకా కావాలేమో ముందే కనుక్కోవాలి. కావాలంటే ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించాలి, హైదరాబాద్ నారాయణగూడలో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. పసుపు పచ్చ పుస్తకం ఇస్తారు, 2016 నుంచి అది జీవితాంతం చెల్లుతుంది. పోగొట్టుకోవద్దు, ఎల్లో ఫీవర్ ఉన్న దేశం నుంచి వచ్చేటప్పుడు అది లేకపోతే మన విమానాశ్రయంలోనే ఆరు రోజుల దాకా విడిగా ఉంచవచ్చు. మలేరియా మాత్రలు, దోమతెర వేరే. తిండికి ఉగాలి ఉంది, మీ గట్కకు ఇంకో చుట్టం.

గట్క_గిన్నె
మా గట్కకు దునియ అంత చుట్టాలే.

జానంపేట_టీచర్
ఇంటితో మాట్లాడటం ఎలా? సంవత్సరానికి రెండే ఫోన్లు అని విన్నాను.

సాగర్_కట్ట
అది పాత లెక్క, క్రిస్మస్‌కు ఒకటి, మదర్స్ డేకు ఒకటి. 2019 ఫిబ్రవరి నుంచి వారానికోసారి, ప్రిపరేషన్ డే నాడు, వీడియో కాల్ కూడా చేసుకోవచ్చు. ఆ రోజునే పీ-డే అంటారు, ఎక్కువ చోట్ల సోమవారం. సెలవు అనుకోవద్దు: బట్టలు, సరుకులు, జుట్టు కత్తిరింపు, ఇల్లు కడగడం అన్నీ ఆ రోజే, సాయంత్రం 6 నుంచి మళ్ళీ పని. ఫిలిప్పీన్స్ మన కన్నా రెండున్నర గంటలు ముందు. అక్కడ 10 అయితే ఇక్కడ 7:30. అమ్మ పొలానికో బడికో పోయే ముందు కుదురుతుంది.

పాలమూరు_పిలగాడు
వారం వారం మాట్లాడుడు మంచిదేనా? మొదటి రెండు నెలలు తక్కువ మాట్లాడితేనే పోరగాడు కుదురుకుంటడని నా లెక్క.

కోదాడ_కీబోర్డు
నేను ఒప్పుకోను. మాట్లాడటం తక్కువ చేస్తే బెంగ తగ్గదు, లోపలికి పోతుంది. మాట్లాడేది ఏమిటన్నదే ముఖ్యం. "నువ్వు లేక ఇల్లు బోసిపోయింది" అని అమ్మ ఏడిస్తే ఆ వారం పోయినట్టే. "ఈ వారం ఏం వండినవ్, ఎవరింటికి పోయినవ్" అని అడిగితే తనే చెబుతాడు. అరగంట, ముప్పావుగంట పెట్టుకొని అంతటితో ఆపండి.

సూర్యాపేట_సూట్‌కేస్
నా ఓటు కోదాడకే. బోనాలు, బతుకమ్మ వారాలల్ల మాత్రం వీడియోల చుట్టాలందరిని నిలబెట్టద్దు.

సాగర్_కట్ట
ఒక ముఖ్యమైన సంగతి మిగిలింది, జోడీ. కంపానియన్ అంటారు. 24 గంటలు కంటికి కనబడేంత, మాట వినబడేంత దూరంలో ఉండాలి, స్నానాల గది తప్ప. జోడీని తను ఎంచుకోడు. ఆరు వారాలకోసారి ట్రాన్స్‌ఫర్ వస్తుంది, అప్పుడు జోడీయో ఊరో మారవచ్చు, మారకపోవచ్చు. మొదటి 12 వారాలు ట్రెయినర్ దగ్గర.

తగాదాలు ఎక్కువగా పాఠాల మీద రావు. గిన్నెలు ఎవరు తోమాలి, ఫ్యాన్ ఎటు తిప్పాలి, పోపు వాసన, ఎవడు ముందు బాత్రూముకు పోవాలి, వీటి మీదే. మన పోపు పొగ ఒక్క గదిలో అలవాటు లేనివాడికి దగ్గు తెప్పిస్తుంది. ఇంగువ అయితే చెప్పక్కర్లేదు. కిటికీ తీసి, ఫ్యాన్ బయటికి తిప్పి వేయాలి, ముందు అడగాలి. వంట ఒక వారం ఒకరు, గిన్నెలు ఇంకొకరు అని మొదటి రోజే మాట్లాడుకోవాలి. వారం ప్లాన్ చేసుకునేటప్పుడు ఒకరి గురించి ఒకరు నచ్చింది, నచ్చనిది చెప్పుకునే పద్ధతి ఉంది. మనవాళ్ళు అక్కడ "ఏం లేదు, అంతా మంచిగుంది" అనేసి లోపల పెట్టుకుంటారు, ఐదో వారంలో పగులుతుంది.

దేవరకొండ_డీటీపీ
పెండ్లి ట్రైనింగే ఇది.

నార్కట్‌పల్లి_నర్స్
తుఫానుల మాట ఎవరూ ఎత్తలేదు. జూన్ నుంచి నవంబర్ దాకా ఎక్కువ, కానీ ఒడెట్ తుఫాను సెబూను కొట్టింది 2021 డిసెంబర్ 16 న. చాలా చోట్ల వారాల తరబడి కరెంటు లేదు, నీళ్ళు లేవు. సిగ్నల్ 1 నుంచి 5 దాకా ప్రకటిస్తారు, ఏ సిగ్నల్‌కు బయటికి పోవద్దో మిషన్ చెబుతుంది. మూడు రోజులకు సరిపడే సంచి ఒకటి సిద్ధంగా ఉండాలి: నీళ్ళు, వండనక్కర్లేని తిండి, టార్చి, మందులు, పాస్‌పోర్టు నకలు ప్లాస్టిక్ కవర్లో, చిన్న నోట్లలో నగదు. కరెంటు లేకపోతే ఏటీఎం, కార్డు రెండూ పనిచేయవు. భూకంపాలు కూడా ఉంటాయి, 2013 అక్టోబర్‌లో పక్కనే బొహోల్‌లో 7.2 వచ్చింది. రాత్రి మంచం పక్కన చెప్పులు పెట్టుకొని పడుకోవాలి, గాజు ముక్కల మీద కాలు పడకుండా.

జడ్చర్ల_జంక్షన్
ఇంటి నుంచి బయలెల్లక ముందు కూడ ఒక ముచ్చట ఉంది. ట్రైనింగ్ మొదటి వారం ఇంట్లనే ఆన్‌లైన్ల ఉంటది, తర్వాత మనీలా సెంటరుకు. ఇంట్లున్నా సెట్ అపార్ట్ చేసిన (తల మీద చేతులు పెట్టి ప్రార్థించి పనికి నియమించిన) గడియ నుంచి మిషనరీ లెక్కనే. సినిమాలు, దోస్తులు, క్రికెట్ బంద్. తలుపేసుకునే గది, ఆగని నెట్ కావాలె. సాగనంపే దావత్ ఆ వారం కంటే ముందే అయిపోవాలె, మధ్యల పెడితే పోరగాడు కెమెరా ముందు, చుట్టాలు కిటికీ కాడ.

మిర్యాలగూడ_అక్క
దావత్ తేదీ మార్చిన. అమ్మ ఆరు కిలోల నుంచి కిలోన్నరకు దిగింది, మటన్ మసాలా పక్కకు పెట్టింది, జీలకర్ర వేయించుతున్నది. పాస్‌పోర్టుల ఇంటిపేరు గడి ఖాళీనే ఉంది, రేపు మహబూబ్‌నగర్ అపాయింట్‌మెంట్ పెడుతున్న.

జడ్చర్ల_జంక్షన్
మిర్యాలగూడ నుంచి మహబూబ్‌నగర్ ఎందుకక్కా, దూరం. అప్లై చేసేటప్పుడు దగ్గరున్న కేంద్రాల పేర్లు వస్తయి, ఎక్కడ తేదీ తొందరగ ఉంటే అది ఎంచుకో. ఆధార్, టెన్త్ మెమో, పాత పాస్‌పోర్టు ఒరిజినల్స్ తీసుకపో, జిరాక్స్ రెండేసి.